సరుకు బండిలో రాత్రి పడక: పికప్ తొట్టిలో మంచం, సామాను అర అమర్చుకొనే పద్ధతి

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస ప్రాంతాల నుంచి బరంపురానికి, అక్కడి నుంచి ఛత్రపురం, ఆస్కా, భంజనగరం వైపు సరుకు తీసుకొనిపోయే చిన్న బండ్లు నేడు మన ఊళ్ళలో వీధికి ఒకటైనా కనిపిస్తాయి. 2005 మే నెలలో టాటా ఏస్ విపణిలోకి వచ్చిన తరువాత ఈ వాడకం బాగా పెరిగింది. ‘ఛోటా హాథీ’ అనే ముద్దుపేరు తెలుగువారికీ, ఒడియావారికీ ఒక్కటే. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. మహీంద్రా బొలేరో పికప్ సంగతి చెప్పనక్కరలేదు. కొబ్బరికాయలు, జీడిగింజలు, పనసకాయలు, ఎండుచేపలు, స్టీలు సామాను, జాతర బొమ్మలు మోసే ఈ బండ్లలో పగటి వ్యాపారం పూర్తి కాగానే చాలామంది రాత్రి కూడా గడుపుతున్నారు. తెల్లవారుజామున బజారు తెరిచే వేళకు చేరుకోవడానికి ముందురాత్రే వెళ్ళి నిలిచేవారు కొందరు. తారాతారిణి చైత్ర మంగళవారాలకు దుకాణం పెట్టేవారు మరికొందరు. ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో రోగిని చేర్పించి, బయట బండిలో రోజుల తరబడి ఉండే బంధువులు ఇంకొందరు.

వీరిలో ఎక్కువమంది బస్తాల మీద ఒక బొంత పరుచుకొని, పైన బరకం కప్పుకొని నిద్రపోతారు. ఒక రాత్రికి అది సరిపోతుంది. వారానికి మూడు రాత్రులు అలా గడిపేవారికి నడుము నొప్పి, దోమకాటు, వానకు తడిసిన సరుకు తప్పవు. కొద్దిపాటి ఖర్చుతో, ఊరి వడ్రంగి ఒకరు, వెల్డింగు పనివారు ఒకరు రెండు రోజులలో చేయగల పడక అమరిక ఉన్నది. దానిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. మన తాతల కాలంలో జాతరకు గూడుబండి కట్టేవారు. బండి మీద వెదురు బద్దలు వంచి చాప కప్పేవారు. లోపల వరిగడ్డి పరిచి పైన దుప్పటి వేసేవారు. వంటపాత్రలు, బియ్యం ముందువైపు సర్దేవారు. లాంతరు, కందెన గొట్టం బండి కింద వేలాడేవి. పిల్లలూ ఆడవారూ పైన పడుకుంటే, మగవారు బండి కింద నిద్రించేవారు. ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండేది. ఆ క్రమాన్ని ఇనుప తొట్టికి తగినట్లు మార్చుకోవడమే మనం చేయవలసిన పని. తేడా ఒక్కటే: ఎద్దుబండి నడుస్తుండగా అందులో పడుకొనేవారు, పికప్ నడుస్తుండగా పడుకొనరాదు.

నడిచే బండిలో నిద్ర వద్దు

ఈ పడక నిలిచి ఉన్న బండికే. కొలతల కంటే ముందు ఇది చెప్పడానికి కారణం ఉన్నది. మంచం సుఖంగా అమరిన తరువాత, ‘రాత్రి రెండు గంటల ప్రయాణమే కదా, పిల్లలు వెనుక పడుకొని ఉంటారులే’ అనే మాట ప్రతి ఇంటిలోనూ వస్తుంది.

సరుకు బండి తొట్టిలో మనుషులను ఎక్కించడం మోటారు వాహన చట్టం ప్రకారం నేరం. జరిమానా కంటే పెద్ద నష్టం మరొకటి ఉన్నది. సరుకు వాహనంలో ఊరికే ఎక్కించుకొన్న ప్రయాణికులకు ప్రమాదం జరిగితే, చట్టం తప్పనిసరి చేసిన బీమా కింద పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థకు లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. 1994 నాటి సవరణ వలన సరుకు యజమానికి, లేదా అతడు నియమించిన ప్రతినిధికి ఆ రక్షణ కలిగింది. అయితే ఆ యజమాని కూడా క్యాబినులో కూర్చోవాలే గాని సరుకు మీద కాదని 2007లో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. అంటే తొట్టిలో నిద్రిస్తున్న తల్లికీ బిడ్డకూ జరగరానిది జరిగితే, ఆ కుటుంబం ఎవరి నుంచి ఏమి పొందగలదన్నది బండి యజమాని ఆస్తిని బట్టి ఉంటుంది. ఆ యజమాని చాలాసార్లు ఆ ఇంటివాడే.

చట్టం సంగతి అలా ఉంచినా, 16వ నంబరు జాతీయ రహదారి మీద (2010కి ముందు దీనినే 5వ నంబరు అనేవాళ్ళం) ఒక్క గట్టి బ్రేకు పడితే చెక్కలు, క్రేట్లు, నీళ్ళ డబ్బా అన్నీ ముందుకు దూసుకువస్తాయి. పడుకొన్నవారు వాటి మధ్య ఉంటారు. వెనుక తెరచి ముందు మూసిన గూడులోకి ఇంజను పొగ లాగబడుతుంది కూడా. కాబట్టి బండి కదిలే ముందు పడక ఖాళీ కావాలి. క్యాబినులో చోటు ఉన్నంతమంది క్యాబినులో, మిగిలినవారు బస్సులోనో రైలులోనో రావాలి. ఇచ్ఛాపురం నుంచి బరంపురం సుమారు 25 కిలోమీటర్లే.

మార్పు వేరు, సామాను వేరు

రిజిస్ట్రేషను పత్రంలో నమోదైన వివరాలు మారేటట్లు వాహనానికి మార్పులు చేయడాన్ని 1988 నాటి చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తుంది. తొట్టికి ఇనుప గదిని వెల్డింగు చేయించడం, ఛాసిస్‌కు రంధ్రాలు వేయడం, పక్క రేకులను శాశ్వతంగా ఎత్తు చేయడం ఈ కోవకు వస్తాయి. ఆ పనులు చేయించదలచినవారు ముందుగా తమ జిల్లా రవాణా కార్యాలయంలో అడగడం మంచిది. మనం చేయబోయేది మాత్రం బోల్టులు విప్పి దింపగల మంచం. తొట్టి నేలకు ఒక్క రంధ్రమూ వేయము. రంధ్రం పడితే అక్కడే తుప్పు మొదలవుతుంది. కింద బ్రేకు గొట్టాలు, తీగలు ఉంటాయని మరువరాదు.

తోవలో రెండు రాష్ట్రాలు ఉన్నందున ఇంకొక మాట. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలకు మించని సరుకు వాహనానికి పర్మిటు అక్కరలేదని 66వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. టాటా ఏస్ దీని లోపలే ఉంటుంది. పెద్ద పికప్‌లలో కొన్ని ఆ హద్దు దాటుతాయి. పత్రంలో బరువు చూసుకొని, గిరిసోల దాటే ముందే సందేహం తీర్చుకోవాలి.

కొలతలు

మొదటి తరం టాటా ఏస్ తొట్టి 2,200 మిల్లీమీటర్ల పొడవు, 1,490 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క రేకు 300 మిల్లీమీటర్ల ఎత్తు. వడ్రంగి భాషలో 86 అంగుళాలన్నర పొడవు, 58 అంగుళాలన్నర వెడల్పు, అడుగు ఎత్తు. ఆరడుగుల మనిషి కూడా కాళ్ళు చాపి పడుకోగలడు. దోస్త్, బొలేరోల తొట్లు ఇంకా పెద్దవి. వాటిలోనూ నమూనాను బట్టి తేడాలు ఉన్నాయి. కాబట్టి పుస్తకంలోని అంకెను నమ్మక, మీ బండి తొట్టి లోపలి కొలతను టేపుతో మూడు చోట్ల తీసి, వాటిలో చిన్నదానిని లెక్కకు తీసుకోండి. సరుకు తగిలి పక్క రేకులు లోపలికి సొట్టపోయి ఉండడం సాధారణం.

చాలామందికి మొదట తోచే ఉపాయం రెండు మడత మంచాలు వేయడం. రెండున్నర అడుగుల వెడల్పు మంచాలు రెండు పక్కపక్కన వేస్తే 60 అంగుళాలు కావాలి. ఏస్‌లో ఉన్నది 58 అంగుళాలన్నరే. ఒక మంచం మాత్రమే పడుతుంది. మడత మంచం కింద సరుకు పెట్టే చోటూ తక్కువే.

దీనికంటే మేలైనది ఒకే ప్లైవుడ్ రేకుతో చేసే బల్ల. దుకాణంలో దొరికే రేకు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. దీనిని అడ్డంగా 28 అంగుళాలన్నర చొప్పున మూడు ముక్కలు చేయించాలి. మూడు కలిస్తే 85 అంగుళాలన్నర. తొట్టి పొడవు కంటే ఒక అంగుళం తక్కువ, అంటే తీయడానికీ పెట్టడానికీ సందు ఉంటుంది. మిగిలిన పది అంగుళాల ముక్కతో అరలో అడ్డుబిళ్ళ చేసుకోవచ్చు. వెడల్పులో మంచం 4 అడుగులు, అంటే 48 అంగుళాలు పోగా తొట్టిలో ఇంకా పది అంగుళాల సందు నిలువునా మిగులుతుంది. అది వృథా కాదు. నీళ్ళ డబ్బా, గొడుగు, తూనిక, నిలువుగా ఉండవలసిన వస్తువులు అన్నిటికీ అదే చోటు. ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలిగినదే. ఇంట్లో ఉన్న పిల్లల చేత కాగితం మీద బొమ్మ గీయించి, ఆ తరువాతే రంపం పట్టించండి.

ప్లైవుడ్ 18 మిల్లీమీటర్ల మందం ఉండాలి. 12 మిల్లీమీటర్లది చవక, తేలిక, కానీ మనిషి బరువుకు కుంగుతుంది. నీటికి తట్టుకొనే రకం అడగాలి. ఐ.ఎస్. 710 అని ముద్ర ఉన్నది పడవలకు, తడి పనులకు వాడే శ్రేణి. ఉప్పుగాలి వీచే మన తీరానికి అది తగినది. కోసిన అంచులకు ఆయిలు పెయింటు రెండు పూతలు వేయించి బాగా ఆరనివ్వాలి. నీరు పట్టేది అంచు నుంచే. ప్రతి ముక్కకూ ఒక చివర చేయి దూరేంత రంధ్రం చేయిస్తే ఎత్తడం సులభం.

కాళ్ళ చట్రాలు

మూడు చెక్కలు ఆనడానికి నాలుగు చట్రాలు కావాలి. ఒక్కొక్కటి 48 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు గల దీర్ఘచతురస్రం. అంగుళం చదరపు ఇనుప గొట్టంతో చేయించవచ్చు. మధ్యలోని రెండు చట్రాలకు పై కమ్మీ మాత్రం రెండంగుళాల వెడల్పు గొట్టాన్ని బల్లపరుపుగా వేయించాలి. రెండు చెక్కల అంచులు దాని మీదే కలుస్తాయి, ఒక్కొక్క అంచుకు అంగుళం ఆనిక దొరుకుతుంది. నాలుగు చట్రాలనూ కలుపుతూ రెండు పక్కలా ఒక్కొక్క పొడవు గొట్టం బోల్టులతో బిగించాలి. ఇది లేకపోతే మనిషి పక్కకు దొర్లినప్పుడు చట్రం వాలుతుంది. ఇనుము వద్దనుకొనేవారు ఎండిన సరుగుడు కర్రతో చేయించుకోవచ్చు. గంజాం తీరంలో సరుగుడుకు కొదవ లేదు. అయితే పచ్చికర్ర వాడితే వంకర తిరుగుతుంది.

చట్రం కాళ్ళ కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు చుడితే తొట్టి గీసుకుపోదు, చప్పుడు రాదు. చెక్కల అడుగున చట్రాన్ని రెండు వైపులా పట్టుకొనేటట్లు చిన్న కర్రముక్కలు బిగిస్తే అవి జారవు. తొట్టి పక్కలకు తాడు కట్టే కొక్కేలు ఉంటాయి. చట్రాన్ని వాటికి నైలాను తాడుతో నాలుగు మూలలా కట్టాలి.

మొత్తం బరువు ఎంత? ప్లైవుడ్ 36 కిలోలకు అటూ ఇటూ, చట్రాలూ గొట్టాలూ సుమారు 20 కిలోలు, బోల్టులు కలిపి 60 కిలోలలోపు. మొదటి ఏస్ మోయగల బరువు 750 కిలోలు. అందులో ఈ 60 తగ్గించుకొనే సరుకు వేయాలి. ఈ మాటను మన వ్యాపారులు నవ్వి దాటవేస్తారని తెలుసు. అయినా చెప్పవలసినదే. నిండు సరుకు ఉన్న రోజున మంచం అడ్డం కాకూడదు కదా అంటే, చట్రాలు విప్పి చెక్కలతో కలిపి క్యాబిను గోడకు నిలబెట్టి కట్టవచ్చు. నాలుగు చట్రాల మందం ఆరు అంగుళాలకు మించదు, మూడు చెక్కలది రెండంగుళాలు. మొత్తం మీద అర అడుగు పైచిలుకు చోటే పోతుంది.

ఎత్తు విషయంలో ఒక నిర్ణయం చేసుకోవాలి. బజారులో సాధారణంగా కనిపించే కూరగాయల ప్లాస్టిక్ క్రేటు పదకొండు, పన్నెండు అంగుళాల ఎత్తు ఉంటుంది. 14 అంగుళాల చట్రం కింద అది దూరుతుంది. కానీ అప్పుడు పడక, అడుగు ఎత్తు ఉన్న పక్క రేకును దాటి పైకి వస్తుంది. నిద్రలో దొర్లినవారు బండి మీది నుంచి నేల మీద పడే ప్రమాదం ఉన్నది. కాబట్టి క్రేట్లు పెట్టేవారు పడకకు రెండు పక్కలా కనీసం ఎనిమిది అంగుళాల ఎత్తు అడ్డుకమ్మీ తప్పక పెట్టాలి. బస్తాలు, సంచులు మాత్రమే పెట్టేవారు చట్రాన్ని 8 అంగుళాలకు తగ్గిస్తే పక్క రేకే అడ్డుగోడగా ఉంటుంది. పిల్లలతో వెళ్ళే కుటుంబాలకు నేను రెండవదే సూచిస్తాను. పది అంగుళాల సందును కూడా రాత్రి బట్టలమూటలతో నింపి ఉంచాలి. పసిబిడ్డ జారిపడడానికి అది చాలు.

గూడు

మనిషి కూర్చుంటే నేల నుంచి నడినెత్తి వరకు 34 నుంచి 36 అంగుళాలు. పడక మీద అంత ఎత్తు దొరికేటట్లు గూడు ఉండాలి. కూర్చోలేని గూడులో రాత్రి పిల్లవాడికి నీళ్ళు తాగించడం కూడా కష్టం. మూడు వంపు కమ్మీలు, వాటిని కలిపే ఒక వెన్నుగొట్టం చాలు. తాతలు వాడిన వెదురు బద్దలు నేటికీ ఇనుముకు తీసిపోవు, తేలికైనవి కూడా. పైన బరకం వేసి తొట్టి కొక్కేలకు తాళ్ళతో బిగించాలి. ప్రయాణంలో గూడు దింపి చుట్టివేయడమే క్షేమం. కట్టి ఉంచితే గాలికి బరకం ఎగిరి వెనుక వచ్చే వాహనం అద్దం మీద పడవచ్చు.

బరకం కప్పేవారు సాధారణంగా అన్ని వైపులా బిగించి మూసివేస్తారు. వానరాత్రి తప్ప అది తగదు. చైత్ర, వైశాఖాలలో గంజాం తీరపు ఉక్క ఎలాంటిదో చెప్పనక్కరలేదు. మార్గశిర, పుష్య మాసాలలో ఇంకొక చిక్కు ఉన్నది. లోపలివారి ఊపిరిలోని తేమ చల్లని బరకానికి తగిలి నీటిబొట్లుగా దుప్పటి మీద కారుతుంది. తెల్లవారి లేచి, బరకం చిల్లిపడిందని అనుకుంటారు. రెండు కాలాలకూ మందు ఒక్కటే: ముందూ వెనుకా జానెడు ఎత్తున గాలి ఆడే సందు వదలాలి. బరకానికి, కమ్మీలకు మధ్య పాత చీర ఒకటి అడ్డుగా కడితే పగటి వేడి కొంత తగ్గుతుంది, రాత్రి బొట్లు మీద పడవు.

పరుపుగా కొబ్బరిపీచు పరుపు మేలు. ఉద్దానం ఊళ్ళవారికి ఇది వేరుగా చెప్పవలసిన పని లేదు. స్పాంజి పరుపు తడిస్తే ఆరదు. పరుపు కింద తుంగ చాప వేస్తే చెక్క తేమ పైకి రాదు.

బరంపురం బజారులో ఈ సామాను అంతా తెలుగుతోనే కొనవచ్చు. ఆస్కా, భంజనగరం వైపు వెళ్ళినప్పుడు ఏదైనా తెగితే నాలుగు ఒడియా మాటలు అక్కరకు వస్తాయి. తాడును దఉడి అంటారు. దోమతెర మశారి, వడ్రంగి బఢేయి, కమ్మరి కమార. టార్పాలిను ఎక్కడైనా తిర్పాలే.

మంచం కింద ఏమి పెట్టకూడదు

బరువైనవి క్యాబిను వైపు, అడుగున పెట్టాలి. రాత్రి కావలసినవి వెనుక తలుపు వైపు ఉండాలి. డబ్బు, పత్రాలు క్యాబినులో తాళం వేసి ఉంచాలి. ఇవి అందరికీ తెలిసినవే. తెలియనిది, లేక తెలిసీ పట్టించుకోనిది వేరే ఉన్నది. మనిషి పడుకొనే చెక్కకూ సరుకుకూ మధ్య అడుగు దూరం కూడా లేదు. అక్కడ ఉన్నది రాత్రంతా పీల్చే గాలిలోకి వస్తుంది.

పురుగుమందు డబ్బాలు, పెట్రోలు, డీజిలు, కిరోసిన్ పడక కింద ఉండరాదు. మూత బిగుతుగా ఉన్నదన్నది సమాధానం కాదు. మామిడి, అరటి సరుకు వేసుకొన్నవారు మరింత జాగ్రత్త పడాలి. కాయలను మాగబెట్టడానికి కార్బైడు వాడడం ఆహార భద్రత నియమాల ప్రకారం నిషిద్ధం. అయినా కొన్ని బుట్టలలో దాని పొట్లాలు కనిపిస్తుంటాయి. తేమ తగిలితే అది మండే గుణమున్న ఎసిటిలీన్ వాయువును వదులుతుంది. దాని మీద పడుకొని బీడీ వెలిగించడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. పచ్చి జీడిగింజల తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. బస్తా కారితే పరుపుకు అంటకుండా మధ్యన పాలిథీను పరచాలి. ఐసులో పెట్టిన చేపల పెట్టెలు వెనుక తలుపు దగ్గర, నీరు బయటికి పోయే చోట ఉంచాలి. లేకపోతే నీరు చెక్క కింద నిలిచి తుప్పు, కంపు రెండూ మిగులుతాయి.

వంట బండి దిగి చేయాలి. గ్యాసు స్టవ్వు గాని, కిరోసిన్ పొయ్యి గాని, చలికాలపు బొగ్గుల కుంపటి గాని గూడు లోపల వెలిగించరాదు. మూసిన చోట కాలే మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవారిని అది మేల్కొననివ్వదు. జాతరలో పక్క దుకాణం జనరేటరు పొగగొట్టం మీ గూడు వైపు తిరిగి ఉంటే బండిని జరపండి. పక్కన ఇంజను నడుపుతూ నిలిచిన లారీ విషయంలోనూ అంతే. దోమల చుట్ట కూడా బరకం లోపల వద్దు. నిప్పురవ్వ పరుపు మీద పడితే చాలు.

దోమలకు దోమతెరే ఉపాయం. ఒడిశాలో మలేరియా నివారణకు 2017లో ప్రభుత్వం మందు దట్టించిన దోమతెరలను పెద్ద ఎత్తున పంచింది. అటువంటిది ఇంటిలో పెట్టెలో పడి ఉంటే బండికి తీసుకోండి. నాలుగు కొసలు వంపు కమ్మీలకు కట్టి, అంచు పరుపు కిందికి దోపాలి. సోడాలో నానబెట్టి బాదక, తేలికగా ఉతికి నీడన ఆరవేస్తే మందు ఎక్కువ కాలం నిలుస్తుంది. దీపానికి చార్జింగు ఎల్‌ఈడీ ఒకటి సరిపోతుంది. బండి బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా తీగ లాగడం నిప్పుకు దారి. ఆ పై ఉదయం బండి స్టార్టు కాదు.

ఎక్కడ నిలపాలి

రహదారి అంచున నిలిపి నిద్రించడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. నిలిచిన బండిని వెనుక నుంచి లారీ గుద్దడం జాతీయ రహదారి మీద తరచుగా వినే వార్తే. వెలుతురు ఉన్న పెట్రోలు బంకులో అనుమతి అడిగి, లేదా బజారు కమిటీ చూపిన చోట, లేదా తెలిసినవారి పెరటిలో నిలపాలి. గేరులో ఉంచి, చేతి బ్రేకు వేసి, చక్రాల కింద కర్రముక్కలు పెట్టాలి. నేల వాలుగా ఉంటే తల ఎత్తువైపు ఉండేటట్లు బండిని తిప్పుకోవాలి. వెనుక తలుపు దించి దాని మీద నలుగురు కూర్చొని ముచ్చట్లాడడం మనవారికి అలవాటు. ఆ గొలుసులు అంత బరువుకు చేసినవి కావు. తలుపు కింద ఒక కర్ర ఊతం పెట్టండి.

ఆసుపత్రి దగ్గర ఉండేవారికి పడక కంటే మరుగుదొడ్డి, మంచినీరు, ఫోను చార్జింగు ముఖ్యం. అవి నడక దూరంలో ఉన్న చోటే బండి పెట్టాలి. రోగి దగ్గర ఒకరు, బండిలో ఒకరు వంతులు మార్చుకొంటే ఇద్దరికీ నిద్ర దొరుకుతుంది. వృద్ధులు ఎక్కడానికి రెండు మెట్ల పీట ఒకటి చేయించండి. తొట్టి అంచు పట్టుకొని ఎగబాకడం యువకులకే చెల్లుతుంది.

ఏ కాలంలో ఎలా

తారాతారిణి యాత్ర మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు వచ్చే మంగళవారాలలో జరుగుతుంది. రుషికుల్యా తీరాన, పురుషోత్తంపురం దగ్గర కొండ. (మన ఇచ్ఛాపురం పక్క పురుషోత్తపురం వేరు, ఇది వేరు. కొత్తవారు దారి అడిగేటప్పుడు పొరబడతారు.) పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించే కుటుంబాలు సోమవారం రాత్రే చేరుకొంటాయి. రెండేళ్ళకొకసారి అదే రుతువులో బరంపురంలో బుఢీ ఠాకురాణీ యాత్ర వారాల తరబడి సాగుతుంది. ఈ రెండింటికీ పడక అమరిక ఎంతగానో ఉపయోగపడుతుంది. అయితే అది కాలబైశాఖి గాలివానల కాలం కూడా. సాయంత్రం ఉన్నట్టుండి వచ్చే ఆ గాలికి గూడు తెరచాపలా నిలుస్తుంది. వాయవ్యాన మబ్బు నల్లబడగానే కమ్మీలు దించి, బరకాన్ని సరుకు మీద పరచి కట్టి, మనుషులు పక్కా కట్టడంలోకి వెళ్ళాలి. చెట్టు కింద బండి నిలపడం ఆ వేళ మంచిది కాదు.

అక్టోబరు సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తీరం దాటిన తుపాను, 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం తాకిన తిత్లీ, మూడూ ఆ నెలలోనే వచ్చినవి. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ఈ పడక ఇల్లు కాదు, ఆశ్రయం కాదు. చెక్కలు, చట్రాలు, కమ్మీలు విప్పి ఇంటి లోపల పెట్టాలి. విప్పని చెక్క ఆ గాలిలో ఎగిరి ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుంది. ఖాళీ బండిని గోడ చాటున, వరద నీరు రాని మెట్ట మీద నిలిపి, మనుషులు తుపాను రక్షణ కేంద్రానికి వెళ్ళాలి.

వాడకం లేని వానాకాలంలో చెక్కలను నేల మీద కాక ఇటుకల మీద, గాలి ఆడేటట్లు పేర్చాలి. ఎండలో ఆరబెట్టిన పరుపును చాపలో చుట్టి అటక మీద ఉంచాలి. చట్రాల వెల్డింగు దగ్గర తుప్పు కనిపిస్తే గీకి, రెడాక్సైడు పూసి, పైన పెయింటు వేయాలి. బోల్టులను కొద్దిగా నూనె రాసి ఒక డబ్బాలో పోసి, ఆ డబ్బాను చట్రానికే కట్టి ఉంచితే మళ్ళీ చైత్రానికి వెతుక్కోనక్కరలేదు.